కోడింగ్ స్టైల్‌ను ప్రాజెక్టులో అమలు చేయడం ఎలా: ఫార్మాటర్ నుంచి కోడ్ రివ్యూ దాకా

"మా టీమ్‌లో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా కోడ్ రాస్తున్నారు, దీన్ని దారిలో పెట్టడం ఎలా?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. సాధారణంగా అందరూ పెద్ద రూల్స్ డాక్యుమెంట్ రాయడంతో మొదలుపెడతారు. అది రాసినవాళ్ళు తప్ప ఎవరూ చదవరు. కొన్నాళ్ళకు వాళ్ళూ మర్చిపోతారు.

పని జరిగే వరుస వేరు. స్పేస్‌లు, బ్రాకెట్లు, లైన్ పొడవు లాంటి మెషీన్ చేయగలిగే పనులన్నీ ముందు మెషీన్‌కు అప్పగించేయాలి. ఆ తర్వాత మిగిలేవి పేర్లు, ఫంక్షన్లు, కామెంట్లు. మనిషి బుర్ర పెట్టాల్సింది అక్కడే. ఈ గైడ్ కూడా అదే వరుసలో ఉంటుంది. భాగాలు మార్చి చేస్తే పని రెట్టింపవుతుంది.

(ఉదాహరణల్లో వేరియబుల్, ఫంక్షన్ పేర్లను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీ కోడ్‌లో అవి మామూలుగా ఇంగ్లీషులోనే ఉంటాయి.)

## 1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

సొంతంగా స్టైల్ కనిపెట్టకండి. మీ భాషకు ఇప్పటికే ఒకటి ఉంటుంది. పైథాన్‌కు 2001లో వచ్చిన పెప్ 8 అనే స్టైల్ గైడ్ ఉంది. గో భాషకు గోఎఫ్ఎమ్‌టీ, రస్ట్‌కు రస్ట్‌ఎఫ్ఎమ్‌టీ అనే ఫార్మాటర్లు (కోడ్ రూపాన్ని తమంతట తామే సర్దే టూల్స్) భాషతో పాటే వస్తాయి. జావాకు గూగుల్ స్టైల్ గైడ్‌ను చాలామంది వాడతారు.

వీటిలో అంకెలు ఒకదానితో ఒకటి కలవవు. పెప్ 8 లైన్‌కు 79 అక్షరాలు అంటుంది, బ్లాక్ అనే పైథాన్ ఫార్మాటర్ 88 తీసుకుంటుంది, గూగుల్ జావా గైడ్ 100 అంటుంది. గోఎఫ్ఎమ్‌టీ ఇండెంటేషన్‌కు ట్యాబ్ వాడుతుంది, పెప్ 8 నాలుగు స్పేస్‌లు అడుగుతుంది. ఏది గొప్పది అన్న చర్చ ఎప్పటికీ తేలదు, తేలాల్సిన అవసరమూ లేదు. ఒక ప్రాజెక్టులో ఒకటే ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఇవి సిద్ధంగా ఉండాలి:

- ఏ గైడ్ పాటిస్తారో ఒక్క వాక్యంలో రాసిన నిర్ణయం
- చర్చ తెగనప్పుడు చివరి మాట ఎవరిదో ముందే తేల్చుకోవడం
- టెస్టులు రన్ అవుతున్నాయా, అన్నీ పాస్ అవుతున్నాయా అన్న చెక్
- ప్రస్తుతం ఓపెన్‌గా ఉన్న బ్రాంచ్‌ల జాబితా (నాలుగో భాగంలో ఇది కావాలి)

టెస్టులు అసలే లేకపోతే ఫార్మాటర్ వరకు ధైర్యంగా వెళ్ళవచ్చు. ఆరు, ఏడు భాగాల్లోని మార్పులకు మాత్రం ముందు కొన్ని టెస్టులైనా రాసుకోండి.

## 2. ఎడిటర్లను ఒక దారికి తేవడం

ప్రాజెక్టు మొదటి ఫోల్డర్‌లో ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ పెట్టండి. ఇండెంటేషన్ ట్యాబా స్పేసా, లైన్ చివర ఏ గుర్తు, ఫైల్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, లైన్ చివరి అనవసర స్పేస్‌లు తీసేయడం, ఫైల్ చివర ఒక కొత్త లైన్: ఈ ఐదూ చాలు. చాలా ఎడిటర్లు దీన్ని నేరుగా చదువుతాయి, కొన్నింటికి ప్లగిన్ కావాలి.

లైన్ చివరి గుర్తు విషయంలో ఒక జాగ్రత్త. విండోస్ లైన్ చివర రెండు అక్షరాలు పెడుతుంది, లినక్స్, మ్యాక్ ఒకటే పెడతాయి. రెండు రకాల మెషీన్లూ ఉన్న టీమ్‌లో ఒక్క లైన్ మారిస్తే ఫైల్ అంతా మారినట్టు డిఫ్‌లో (మారిన లైన్లు చూపించే చోట) కనిపించడానికి కారణం ఇదే. గిట్‌అట్రిబ్యూట్స్ ఫైల్‌లో టెక్స్ట్ ఫైళ్ళకు ఆటో అని పెట్టి, ఒకసారి గిట్ యాడ్‌ను రీనార్మలైజ్ ఆప్షన్‌తో రన్ చేసి కమిట్ చేయండి. ఒక్కొక్కరి మెషీన్‌లో సెట్టింగ్ మార్చుకోమని చెప్పడం కన్నా ఇది నయం, ఎందుకంటే కొత్తగా చేరినవాళ్ళకు వేరే చెప్పాల్సిన పని ఉండదు.

## 3. ఫార్మాటర్ ఎంచుకుని, కదలకుండా కట్టేయడం

పైథాన్‌కు బ్లాక్ లేదా రఫ్, జావాస్క్రిప్ట్‌కు ప్రెట్టియర్, సీ, సీ++లకు క్లాంగ్ ఫార్మాట్. ఏదో ఒకటి తీసుకోండి.

సెట్టింగ్స్ ఎంత తక్కువ మారిస్తే అంత మంచిది. లైన్ పొడవు ఒక్కటి మార్చుకుంటే మార్చుకోండి, మిగతావి వచ్చినట్టే ఉంచండి. ప్రతి సెట్టింగూ రేపు ఎవరో ఒకరు మళ్ళీ తెరిచే చర్చ.

ఫార్మాటర్ వెర్షన్ కచ్చితంగా రాసి ఉంచాలి. బ్లాక్ తన స్టైల్‌లో మార్పులను ఏడాదికోసారి, జనవరిలో విడుదల చేస్తుంది. ఒకరి దగ్గర పాతది, ఇంకొకరి దగ్గర కొత్తది ఉంటే ఇద్దరూ సేవ్ చేసిన ప్రతిసారీ ఒకరి లైన్లను ఇంకొకరు మారుస్తూ పోతారు.

మూడు చోట్ల అమర్చండి:

1. ఎడిటర్‌లో, ఫైల్ సేవ్ చేయగానే రన్ అయ్యేలా
2. కమిట్ చేసే ముందు రన్ అయ్యే గిట్ హుక్‌లో
3. సీఐ సర్వర్‌లో (వచ్చిన ప్రతి మార్పునూ ఆటోమేటిక్‌గా చెక్ చేసే సర్వర్), చెక్ మాత్రమే చేసే మోడ్‌లో

మొదటి రెండూ సౌకర్యం కోసమే. అసలు కాపలా మూడోదే. హుక్‌ను ఎవరైనా దాటేయగలరు, సీఐని అలా దాటలేరు. సీఐలో ఫార్మాటర్ తనంతట తాను కోడ్ మార్చి కమిట్ చేసేలా పెట్టకండి. తప్పుంటే ఫెయిల్ కావాలి, అంతే.

## 4. పాత కోడ్ అంతా ఒకే కమిట్‌లో మార్చడం

"ముట్టుకున్న ఫైళ్ళనే ఫార్మాట్ చేద్దాం" అని చాలా టీమ్‌లు అనుకుంటాయి. వినడానికి బాగుంటుంది. జరిగేదేమిటంటే, ప్రతి బగ్ ఫిక్స్‌లోనూ అసలు మార్పు రెండు లైన్లు, ఫార్మాటింగ్ మార్పులు వందల లైన్లు. రివ్యూ చేసేవాళ్ళకు అసలు మార్పు దొరకదు. నా మాట వినండి, ఒకేసారి చేసేయండి.

వరుస ఇలా:

1. వీలైనన్ని బ్రాంచ్‌లు ముందే మెర్జ్ చేయండి.
2. మెయిన్ బ్రాంచ్‌లో మొత్తం కోడ్ మీద ఫార్మాటర్ రన్ చేయండి. ఆ కమిట్‌లో చేత్తో చేసిన మార్పు ఒక్కటీ ఉండకూడదు.
3. టెస్టులు రన్ చేయండి.
4. ఆ కమిట్ పూర్తి హ్యాష్‌ను (గిట్ దానికిచ్చే గుర్తింపు కోడ్) గిట్ బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్ అనే ఫైల్‌లో రాసి, దాన్ని వేరే కమిట్‌గా చేర్చండి.

నాలుగోది ఎందుకంటే, లేకపోతే ఏ లైన్ ఎవరు మార్చారో చూపించే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైన్‌కూ ఫార్మాటర్ రన్ చేసినవాళ్ళ పేరే కనిపిస్తుంది. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఈ సౌకర్యం ఉంది. హ్యాష్ మొత్తం 40 అక్షరాలూ రాయాలి, కుదించిన హ్యాష్ పని చేయదు. గిట్‌హబ్ ఆ ఫైల్‌ను దానంతటదే గుర్తిస్తుంది. మీ మెషీన్‌లో మాత్రం గిట్ కాన్ఫిగ్‌లో దాని పేరు ఒకసారి చెప్పాలి.

మెర్జ్ చేయలేకపోయిన పాత బ్రాంచ్ ఉంటే కంగారు పడకండి. ముందు మెయిన్‌లో ఫార్మాటింగ్ కమిట్‌కు సరిగ్గా ముందున్న కమిట్‌ను ఆ బ్రాంచ్‌లోకి మెర్జ్ చేయండి. తర్వాత బ్రాంచ్‌లో అదే వెర్షన్ ఫార్మాటర్ రన్ చేసి కమిట్ చేయండి. ఆపైన ఫార్మాటింగ్ కమిట్‌ను, బ్రాంచ్‌లో ఉన్న కోడ్‌నే ఉంచే అవర్స్ స్ట్రాటజీతో మెర్జ్ చేయండి. రెండు వైపులా ఫార్మాటింగ్ ఒకటే కాబట్టి దాని వల్ల కాన్‌ఫ్లిక్ట్ రాదు. ఈ వరుసలో ఒక మెట్టు ఎగిరినా ఎవరి మార్పులో పోయే ప్రమాదం ఉంది, కాబట్టి ముందు ఆ బ్రాంచ్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి.

## 5. లింటర్: తక్కువ రూల్స్, కానీ గట్టిగా

ఫార్మాటర్ కోడ్ రూపాన్ని చూస్తుంది. లింటర్ తప్పులు జరిగే చోట్లను చూస్తుంది: వాడని వేరియబుల్, ఎప్పటికీ రన్ కాని కోడ్, పట్టుకుని మింగేసిన ఎర్రర్.

2014లో యాపిల్ ఎస్ఎస్ఎల్ (నెట్ కనెక్షన్‌ను సురక్షితం చేసే) కోడ్‌లో బయటపడిన బగ్ ఇలాంటిదే. ఇఫ్ కింద బ్రేసెస్ లేకుండా "గోటూ ఫెయిల్" అనే లైన్ ఉంది. అదే లైన్ పొరపాటున కింద రెండోసారి పడింది. ఇండెంటేషన్ చూస్తే రెండూ ఇఫ్ లోపలివే అనిపిస్తాయి, నిజానికి రెండోది ఎప్పుడూ రన్ అవుతుంది. దాంతో సర్వర్ సంతకాన్ని సరిచూసే భాగం దాటిపోయింది. ఒంటి లైన్ ఇఫ్‌కైనా బ్రేసెస్ ఉండాలన్న రూలు ఉండి ఉంటే, లేదా రన్ కాని కోడ్ గురించి వార్నింగ్ ఆన్‌లో ఉండి ఉంటే అది కంటపడేది. జీసీసీ కంపైలర్ 6వ వెర్షన్ నుంచి తప్పుదారి పట్టించే ఇండెంటేషన్‌కు ప్రత్యేకంగా ఒక వార్నింగ్ ఇస్తుంది.

లింటర్ పెట్టగానే పాత కోడ్‌లో వేల వార్నింగ్‌లు వస్తాయి. అందరూ చేతులెత్తేసేది ఇక్కడే. పద్ధతి ఇది:

- మొదట బగ్‌లు పట్టే పది, పదిహేను రూల్స్ మాత్రమే ఆన్ చేయండి.
- ఆన్ చేసిన ప్రతి రూలూ ఎర్రర్‌గానే పెట్టండి. వార్నింగ్‌గా వదిలేస్తే దాన్ని చూసేవాళ్ళుండరు.
- ఒక రూల్ కింద ఉన్నవన్నీ సరిచేశాకే తర్వాతి రూల్‌కు వెళ్ళండి.
- ఒక లైన్‌కు రూల్ ఆపేయాల్సి వస్తే, రూల్ పేరూ కారణమూ అదే లైన్‌లో రాయాలి.
- ఫార్మాటర్ చూసుకునే విషయాలు లింటర్‌లో ఆఫ్ చేయండి. రెండూ కొట్టుకుంటే సేవ్ చేసినప్పుడల్లా టెన్షన్.

## 6. పేర్లు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఇండెంటేషన్ కోసం గంటలు వాదించుకునే టీమ్‌లు ఇక్కడ ఐదు నిమిషాలు కూడా ఆగవు.

ముందు తేలికైన సంగతి. అక్షరాల పద్ధతి భాష ప్రకారమే ఉండాలి. పైథాన్‌లో ఫంక్షన్లకు చిన్న అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్. జావా, జావాస్క్రిప్ట్‌లలో క్యామెల్ కేస్, అంటే మాటలు కలిపి రాసి రెండో మాట నుంచి మొదటి అక్షరం పెద్దది. గోలో ఇది ఇష్టాయిష్టాల విషయం కూడా కాదు: పెద్ద అక్షరంతో మొదలైన పేరే ప్యాకేజీ బయటికి కనిపిస్తుంది.

ఇక అసలు విషయాలు.

ఫంక్షన్ పేరు చెప్పిన పనే ఫంక్షన్ చేయాలి. "గెట్_యూజర్" అని పేరు పెట్టి, యూజర్ దొరక్కపోతే డేటాబేస్‌లో కొత్తది సృష్టిస్తే అది అబద్ధం. "గెట్_ఆర్_క్రియేట్_యూజర్" పొడవే, కానీ నిజం. పేరులో "అండ్" వచ్చి పడుతోందంటే ఫంక్షన్‌ను రెండుగా విడగొట్టాలేమో చూడండి.

ఒక పనికి ఒకే క్రియ. గెట్, ఫెచ్, లోడ్, రిట్రీవ్ నాలుగూ ఒకే ప్రాజెక్టులో ఉంటే చదివేవాళ్ళు వాటి మధ్య తేడా వెతుకుతారు. టీమ్‌గా అర్థాలు కట్టండి: గెట్ అంటే మెమరీలో ఉన్నది ఇవ్వడం, ఫెచ్ అంటే నెట్‌వర్క్‌లోంచి తేవడం, ఇలా. అర పేజీ పదాల జాబితా చాలు. రూల్స్ డాక్యుమెంట్ అంటూ ఒకటి రాయాలనే ఉంటే ఇదే రాయండి.

నిజమా కాదా చెప్పే పేర్లు పాజిటివ్‌గా ఉండాలి. "ఈజ్_యాక్టివ్", "హ్యాజ్_పర్మిషన్" బాగుంటాయి. "ఈజ్_నాట్_డిసేబుల్డ్" అని పెట్టి, దాని ముందు మళ్ళీ నాట్ పెట్టారనుకోండి, మూడు సార్లు తిరగేస్తే గానీ అర్థం కాదు.

యూనిట్ పేరులోనే ఉండాలి. జావాలో థ్రెడ్ స్లీప్ మిల్లీసెకన్లు తీసుకుంటుంది, పైథాన్‌లో టైమ్ స్లీప్ సెకన్లు తీసుకుంటుంది. రెండు భాషల్లో పని చేసేవాళ్ళకు "టైమవుట్ = 30" అంటే ఏమర్థమవుతుంది? "టైమవుట్_సెకండ్స్" అని రాస్తే ప్రశ్నే లేదు. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది యూనిట్ల తేడా వల్లే: ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన అంకెలను ఇంకొకటి న్యూటన్ సెకన్లుగా తీసుకుంది. వేరియబుల్ పేరు ఒక్కటే దాన్ని ఆపేదని నేననను. కానీ చదివేవాళ్ళకు అనుమానం రావాలంటే యూనిట్ కళ్ళ ముందు ఉండాలి.

పరిధిని బట్టి పొడవు. మూడు లైన్ల లూప్‌లో "ఐ" సరిపోతుంది. పది ఫైళ్ళలో కనిపించే పేరు "డీ2" అయితే సరిపోదు.

డేటా, ఇన్ఫో, టెంప్, మేనేజర్, యుటిల్స్. ఇవి పేరు పెట్టకుండా తప్పించుకునే మాటలు. ముఖ్యంగా యుటిల్స్ ఫైల్. ఎక్కడ పెట్టాలో తెలియని ప్రతి ఫంక్షనూ అందులోకే చేరుతుంది. తేదీలవి ఒక ఫైల్‌లో, టెక్స్ట్‌వి ఒక ఫైల్‌లో పెట్టండి.

అంకెలకు కూడా పేర్లు కావాలి. "స్టేటస్ == 3" అంటే ఏమిటో రాసినవాళ్ళకే తెలుసు. అలాగని సున్నాకూ ఒకటికీ కూడా పేర్లు పెట్టుకుంటూ పోకండి.

స్పెల్లింగ్ కూడా ఒకటే ఉండాలి. కలర్ అనే మాటకు బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగ్‌లు రెండూ ఒకే కోడ్‌లో ఉంటే సెర్చ్ చేసినప్పుడు సగమే దొరుకుతాయి.

పాత పేర్లు మార్చేటప్పుడు:

- ఫైండ్ అండ్ రీప్లేస్ వద్దు, ఎడిటర్‌లోని రీనేమ్ సౌకర్యం వాడండి.
- పేరు మార్పులు విడి కమిట్‌లో ఉండాలి. అందులో లాజిక్ మార్పు చేర్చకండి.
- జేసన్ కీలు, డేటాబేస్ కాలమ్‌లు, బయటివాళ్ళు వాడే ఏపీఐ పేర్లు ముట్టుకోకండి. వాటికి వేరే ప్లాన్ కావాలి.

## 7. ఫంక్షన్లు

ఎన్ని లైన్లు ఉండాలి అని అందరూ అడుగుతారు. లైన్ల లెక్క నేను పెట్టను. ఫంక్షన్‌కు నిజాయితీ గల పేరు పెట్టగలుగుతున్నారా, లోపల ఎన్ని మెట్లు లోతుకు వెళ్తోంది, ఈ రెండూ చూడండి.

లోతు తగ్గించడానికి సులువైన దారి, కుదరని సందర్భాలను ముందే బయటికి పంపేయడం. ముందు:

```
ఆర్డర్ ఉంటే
    డబ్బు కట్టి ఉంటే
        స్టాక్ ఉంటే
            పంపించు
        లేదంటే
            "స్టాక్ లేదు"
    లేదంటే
        "డబ్బు కట్టలేదు"
లేదంటే
    "ఆర్డర్ లేదు"
```

తర్వాత:

```
ఆర్డర్ లేకపోతే: "ఆర్డర్ లేదు" అని వెనక్కి
డబ్బు కట్టకపోతే: "డబ్బు కట్టలేదు" అని వెనక్కి
స్టాక్ లేకపోతే: "స్టాక్ లేదు" అని వెనక్కి
పంపించు
```

పనిలో తేడా లేదు. మొదటిదానిలో ఏ "లేదంటే" ఏ "ఉంటే"కు చెందుతుందో వేలు పెట్టి చూసుకోవాలి. రెండోది పై నుంచి కిందికి చదువుకుంటూ పోవచ్చు.

ఇంకొకటి, ట్రూ, ఫాల్స్ ఆర్గ్యుమెంట్లు. "సెండ్_మెయిల్(యూజర్, ట్రూ, ఫాల్స్)" చూసి ఆ రెండూ ఏమిటో చెప్పగలరా? భాషలో పేరుతో ఆర్గ్యుమెంట్ ఇచ్చే వీలుంటే పేరుతో ఇవ్వండి. లేకపోతే రెండు ఫంక్షన్లు రాయండి.

విడగొట్టడంలోనూ అతి పనికిరాదు. ఒక్క చోటే వాడే రెండు లైన్ల ఫంక్షన్లు పదిహేను ఉంటే, అసలు పని ఎక్కడ జరుగుతోందో తెలుసుకోవడానికి పదిహేను చోట్లకు గెంతాలి. అది ఒక పెద్ద ఫంక్షన్ కన్నా ఎక్కువ విసిగిస్తుంది.

## 8. కామెంట్లు

కోడ్ ఏం చేస్తోందో కోడే చెబుతుంది. ఎందుకు అలా చేస్తోందో కామెంట్ చెప్పాలి. "కౌంట్‌ను ఒకటి పెంచు" అనే కామెంట్ దండగ. "ఈ సర్వీస్ పేజీ నంబర్లు ఒకటి నుంచి లెక్కపెడుతుంది, అందుకే ఒకటి కలుపుతున్నాం" అన్నది విలువైనది.

- కామెంట్‌లో పెట్టేసిన పాత కోడ్ తీసేయండి. గిట్‌లో ఉంటుంది.
- టూడూ (తర్వాత చేయాల్సిన పని అని గుర్తు పెట్టే కామెంట్) రాస్తే టికెట్ నంబర్ కూడా రాయండి. నంబర్ లేని టూడూ ఎప్పటికీ జరగదు.
- కోడ్ మార్చినప్పుడు పైనున్న కామెంట్ ఇంకా నిజమేనా చూడండి. తప్పు కామెంట్ కన్నా కామెంట్ లేకపోవడమే నయం.

## 9. కోడ్ రివ్యూలో ఏం చూడాలి

పై పనులన్నీ అయ్యాక రివ్యూలో స్పేస్‌ల గురించి, కామాల గురించి మాటే రాకూడదు. ఎవరైనా ఎత్తితే జవాబు ఒకటే: టూల్ సెట్టింగ్ మార్చే ప్రతిపాదన విడిగా పెట్టండి, ఈ రివ్యూలో వద్దు.

రివ్యూ చేసేవాళ్ళ చెక్‌లిస్ట్:

- లోపలి కోడ్ చదవకుండా, పేరు చూసి ఫంక్షన్ ఏం చేస్తుందో ఊహించగలిగానా?
- ఊహించింది నిజమైందా?
- యూనిట్ తెలియని అంకె ఏదైనా ఉందా?
- పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేసిన ఎర్రర్ ఉందా?
- ఒకే కమిట్‌లో పేరు మార్పూ లాజిక్ మార్పూ కలిశాయా?
- లింటర్‌ను ఆపేసిన చోట కారణం ఉందా?

తప్పనిసరిగా మార్చాల్సిన వ్యాఖ్యకూ, "నాకైతే ఇలా బాగుంటుంది" అనే వ్యాఖ్యకూ తేడా తెలిసేలా రాయండి. రెండోదాని ముందు "ఐచ్ఛికం" అని పెడితే చాలు, కొత్తవాళ్ళు అనవసరంగా హడలిపోరు.

## 10. తరచూ వచ్చే చిక్కులు, సర్దుబాట్లు

ఫార్మాటర్ ఒక టేబుల్‌నో మ్యాట్రిక్స్‌నో పాడు చేసింది. ఆ భాగానికి మాత్రం ఫార్మాటర్ ఆఫ్, మళ్ళీ ఆన్ గుర్తులు పెట్టండి. బ్లాక్, క్లాంగ్ ఫార్మాట్‌లలో ఈ వీలుంది; ప్రెట్టియర్‌లో జావాస్క్రిప్ట్‌కైతే తర్వాతి భాగాన్ని వదిలేయమనే గుర్తు ఉంటుంది. ఆ గుర్తులు ప్రాజెక్టు అంతా కనిపిస్తున్నాయంటే మాత్రం మీరు ఎంచుకున్న సెట్టింగ్‌నే మళ్ళీ చూడాలి.

నా మెషీన్‌లో పాస్, సీఐలో ఫెయిల్. నూటికి తొంభై సార్లు వెర్షన్ తేడానే. మూడో భాగంలో చెప్పినట్టు వెర్షన్ కట్టేయండి. అప్పటికీ సీఐలో పాస్ కాకపోతే లైన్ చివరి గుర్తులు చూడండి.

ఆటోమేటిక్‌గా తయారైన ఫైళ్ళు, బయటి లైబ్రరీల కోడ్ కూడా మారిపోయాయి. వాటి ఫోల్డర్లను ఫార్మాటర్, లింటర్ రెండింటి మినహాయింపు జాబితాలో పెట్టండి. ఇది నాలుగో భాగంలోని పెద్ద కమిట్‌కు ముందే చేయాలి.

కమిట్ హుక్ నెమ్మదిగా ఉంది, అందరూ దాటేస్తున్నారు. హుక్‌లో మారిన ఫైళ్ళ మీదే రన్ చేయండి, టెస్టులను అందులోంచి తీసి సీఐలో పెట్టండి. కొన్ని సెకన్లు దాటితే ఎవరూ ఓపిక పట్టరు.

టీమ్‌లో సీనియర్ ఒకరు ఒప్పుకోవడం లేదు. ముందు ఒక చిన్న మాడ్యూల్‌లో పెట్టి రెండు వారాలు నడపండి. రివ్యూ వ్యాఖ్యల్లో ఫార్మాటింగ్ మీద ఎన్ని వచ్చేవో, ఇప్పుడు ఎన్ని వస్తున్నాయో పక్కపక్కన చూపించండి. అయినా కుదరకపోతే మొదటి భాగంలో చివరి మాట ఎవరిదని తేల్చారో వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.